మీ ఉద్దేశం ఇదేనా?

నాకు తెలుసు, చేతికే తెలియదు. మూడేళ్లయింది ఇల్లు మారి. అయినా రోజూ సాయంత్రం తాళం తీసి గుమ్మంలో నిలబడగానే చెయ్యి ఎడమవైపు గోడ మీదికి పోతుంది. పాత ఇంట్లో స్విచ్చు అక్కడ ఉండేది. ఈ ఇంట్లో అక్కడున్నది క్యాలెండరు మేకు. స్విచ్చు కుడివైపు. ఎవరైనా అడిగితే ఆ సంగతి ఠక్కున చెబుతాను. అయినా లేని స్విచ్చు కోసం తడిమి తడిమి ఆ గోడ మీద అరచెయ్యంత మరక చేశాను.

ఇల్లు అద్దెకిచ్చినాయన ఆ మరక చూసి, "ఏటండీ ఇది, నూనె చేతులు రాస్తన్నారా గోడకి?" అన్నాడు.

"అవునండి" అన్నాను.

నిజం అది కాదు. కానీ అడిగేవాడు జవాబు తనే తెచ్చుకుని అడిగినప్పుడు దాన్ని అందుకోవడం తేలిక. సొంత జవాబు చెప్పాలంటే ముందు లోపల వెతుక్కోవాలి. లోపల ఏ స్విచ్చు ఎటువైపు ఉందో ఎవరికి తెలుసు?

పన్నెండేళ్లప్పుడు సన్నాయి నేర్చుకుంటానని మామయ్యతో అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "టైపు నేర్చుకుంటానంటావు, అంతే కదా?" అన్నాడు. మా వీధి చివర టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది, సన్నాయి మేష్టారు లేడు. అంతే అన్నాను. అందువల్ల ఇవాళ నేను పత్ర పరిరక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్ని. పేరు కూర్మనాథం.

నా కంప్యూటరులో బొమ్మలు ఉండవు. నల్లటి తెర, దాని మీద మిణుకుమనే చిన్న గీత. పని పేరు టైపు చేస్తే పని జరుగుతుంది. మొహం లేనివాళ్లతో మాట్లాడడం నాకు హాయిగా ఉంటుంది. అందులో రెండు సదుపాయాలు నాకోసం నేనే పెట్టుకున్నాను. ఒకటి, పేరు తప్పు కొడితే దానికి దగ్గరగా ఉన్న పేరు చూపించి, మీ ఉద్దేశం ఇదేనా అని అడుగుతుంది. అవును అనవచ్చు, కాదు అనవచ్చు, ఆపెయ్యమనవచ్చు, నేనే దిద్దుకుంటాననవచ్చు. రెండోది, ఒక పని ఏ అరలో ఉందో మొదటిసారి అన్ని అరలూ వెతికి పట్టుకుంటుంది. ఆ చోటు గుర్తుంచుకుని, రెండోసారి నుంచి వెతక్కుండా నేరుగా అక్కడికే పోతుంది. ఈలోగా నేను ఆ పనిని పక్క అరలోకి మార్చానంటే, పాత చోటికే పోయి, లేదని వచ్చి చెబుతుంది. పక్కకు తిరిగి చూడదు. అప్పుడు మరిచిపొమ్మని చిన్న మాట ఒకటి కొట్టాలి. గుర్తున్నదంతా వదిలేసి మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటుంది.

ఈ చివరి సంగతి చెప్పేలోగా సంచాలకులుగారు వెళ్లిపోయారు. జరిగిందంతా అందువల్లే జరిగింది.

సంచాలకులు ఉమాకాంతంగారు నిరుడు సెప్టెంబరులో ఏదో కొండ మీద ఐదు రోజుల శిక్షణకు వెళ్లి వచ్చారు. శిక్షణ పేరు 'పరిపాలనలో నవ్య చింతన'. వచ్చిన రోజే తనిఖీకి బయలుదేరి నా కుర్చీ వెనక నిలబడ్డారు. వెనక మనిషి నిలబడితే నా వేళ్లకు చెమట పడుతుంది. అక్షరాలు తారుమారు కొట్టాను. తెర అడిగింది. ఆయన పైకి చదివారు.

"ఇది మిమ్మల్ని ప్రశ్నిస్తోందా?"

"తప్పు కొట్టానండి. దగ్గరి పేరు చూపిస్తోంది."

"తప్పు అనకండి. అస్పష్ట ఉద్దేశం అనండి. గమనించారా, ఇది మీ అభ్యర్థనను తిరస్కరించలేదు. ఉన్నతీకరించింది!" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మరి అంత వేగంగా ఎలా తెచ్చింది?"

"ఒకసారి దొరికిన చోటు గుర్తు పెట్టుకుంటుందండి. మళ్లీ వెతకదు."

"మళ్లీ వెతకదు!" అన్నారాయన, దీక్ష ఇచ్చేటప్పుడు చెవిలో చెప్పిన మాటను తిరిగి అన్నట్టు. "మన సిబ్బంది కాలంలో అరవై శాతం వెతుకులాటకే వ్యయమవుతోందని నేను శిక్షణలో సమర్పించిన పత్రంలోనే విన్నవించాను."

"కాని చోటు మారితే అండీ..."

"మన శాఖలో ఏదీ మారదు, కూర్మనాథంగారూ."

వారం తిరక్కుండా రెండు ఉత్తర్వులు వచ్చాయి.

మొదటిది ఉద్దేశ సవరణ విధానం. 'కార్యాలయమునకు విచ్చేయు పౌరుడు తనకు ఏమి కావలెనో తెలియని స్థితిలో విచ్చేయుచున్నాడని అనుభవపూర్వకముగా గ్రహించడమైనది' అని మొదలవుతుంది. శాఖ అందించే సేవలు నలభై ఒకటి. పౌరుడు అడిగింది వాటిలో లేకపోతే, దానికి అతి సమీపమైన సేవను చూపించి, మీ ఉద్దేశం ఇది కదా అని అడగాలి. సమీపం అంటే ఏమిటో తేల్చడానికి ఒక సంఘం వేశారు. అది మూడుసార్లు కూర్చుని, ఏ సేవకు సంబంధించిన దరఖాస్తు ఫారాలు స్టోరులో ఎక్కువ నిల్వ ఉన్నాయో అదే పౌరుడి ఉద్దేశానికి అతి సమీపమని తీర్మానించింది.

అలా నా తెర కౌంటరు మీదికి వచ్చింది. నేనూ దానితోపాటు వచ్చాను. పౌరుడు చెప్పింది నేను కొట్టాలి, తెర అడిగింది చదివి వినిపించాలి, ఆయన చెప్పిన జవాబు నొక్కాలి. జవాబులు యథాప్రకారం నాలుగు. అయితే 'కాదు' నొక్కిన ఉద్యోగి, పౌరుడికి అతని ఉద్దేశం ఎందుకు అర్థం చేయించలేకపోయాడో మూడు ప్రతుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. హాల్లో గోడకు ఎర్ర అంకెల బోర్డు ఒకటి పెట్టారు. 'అవిచ్ఛిన్న పౌర సమ్మతి' అని పైన రాసి ఉంటుంది. 'అవును' నొక్కిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. ఒక్క 'కాదు' పడితే మళ్లీ సున్నా.

అంకె పెరుగుతూనే ఉంది. మా ప్రహరీగోడ కూలి తన సైకిలు మీద పడిందని చెప్పుకోవడానికి ఒక రిటైరైన హెడ్‌మాస్టరు వచ్చాడు. తెర ఆలోచించి, 'మీ ఉద్దేశం శాఖకు వస్తుదానం కదా?' అంది. ఆయన అటూ ఇటూ చూశాడు. వెనక ముప్పైమంది ఉన్నారు. "ఏదో ఒకటి రాసుకోండి నాయనా" అన్నాడు. గురువారం ఆయన్ని పిలిపించి శాలువా కప్పారు. సైకిలు శాఖలో ఉంది. ఆయన శాలువాతో నడిచి వెళ్లాడు.

రెండోది స్థాన స్మృతి విధానం. ఏ కాగితమైనా మొదటిసారి ఎక్కడ దొరికిందో స్మృతి రిజిస్టరులో ఎక్కించాలి. ఆ తర్వాత అది అక్కడే ఉన్నట్టు భావించాలి. లేకపోతే లేదని రాసి రావాలి. మరోచోట చూడడం వెతుకులాట కిందికి వస్తుంది. వెతుకులాట క్రమశిక్షణా చర్యకు గురికాదగిన నేరం.

మా అటెండరు సూరప్పడు ఆ నేరం మొదటి వారంలోనే చేశాడు. ఒక ఫైలు బీరువా పైఅరలో లేకపోతే కింది అర చూశాడు. దొరికింది. 'ఉద్దేశపూర్వకముగా వెతికి, కనుగొన్నందుకు' అతనికి మెమో ఇచ్చారు.

"మనది ఆఫీసు కాదు బాబూ, ఉత్తరాయనం లేని సూర్యుడు" అన్నాడు సూరప్పడు ఆ మెమో మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ. "ఒక పక్కకే తిరగాల. ఇంక నానెందుకు ఎతుకుతాను? నాకేటి పట్టింది?"

నిజంగానే అతనికేమీ పట్టనట్టు ఉండేవాడు. సంచాలకులుగారు డిసెంబరులో రెండో నంబరు గదిలోంచి మేడమీది కొత్త గదిలోకి మారారు. సూరప్పడు రిజిస్టరు ప్రకారం పదకొండింటికి టీ తీసుకెళ్లి రెండో గదిలో బల్ల ఉండే చోట, ఇప్పుడు బల్ల లేదు కనుక కిటికీ గట్టు మీద, పెట్టి వచ్చేవాడు. రెండు రోజులు చూసి మూడో రోజు ఆయనే కిందికి దిగివచ్చి తాగారు. తాగి, "విధేయత అంటే ఇది" అని సూరప్పణ్ణి మెచ్చుకున్నారు. ఫైళ్లు కూడా అక్కడికే వస్తుండడంతో వారం తర్వాత ఒక కుర్చీ తెప్పించుకున్నారు. ఆ గదిని అప్పటికే ఆడ ఉద్యోగులకు భోజనాల గదిగా ఇచ్చారు. మధ్యాహ్నం వాళ్లు ఆయన చుట్టూ క్యారియర్లు విప్పుకుని తింటారు. ఆయన సంతకాలు పెడుతుంటారు. మేడమీది గదికి తాళం.

నేను ఇదంతా చూస్తూ కూర్చున్నాను. నవ్వొచ్చేది. నవ్వు వెంటనే ఒక భయం కూడా వచ్చేది. ఈ కార్యాలయం నాకు కొత్తగా అనిపించడం లేదు. నా లోపల ముప్పైయేళ్లుగా ఇదే కార్యాలయం నడుస్తోంది. ఎడమవైపు గోడ, క్యాలెండరు మేకు, అవునండి.

ఆగస్టు వానలకు ఏడో గది కప్పు దిగింది. పౌరుల అసలు పత్రాలు దాచేది ఆ గదిలోనే. పరిశీలనకని తీసుకున్న మార్కుల జాబితాలు, జనన పత్రాలు, అన్నీ కవర్లలో పెట్టి నంబర్లు వేసి ఉంటాయి. ఒక ఆదివారం అందరం కలిసి వాటిని పెరట్లో కొత్తగా వేసిన రేకుల షెడ్డులోకి మోశాం. నేనూ మోశాను. తర్వాత గదిని పడగొట్టారు. వరండా వైపు గోడ మాత్రం నిలబెట్టారు, మిగతా వరుస కుంగుతుందని. ఆ గోడకు తలుపు ఉంది. తలుపు మీద ఏడు అంకె ఉంది. తలుపు ఉంది కనుక తాళం కూడా ఉంది.

సోమవారం నుంచి ఎవరి పత్రమైనా కావాలంటే సూరప్పడు రిజిస్టరు చూసి, తాళంచెవి తీసుకుని వరండా చివరికి వెళతాడు. ఏడో గది తలుపు తీస్తాడు. అవతల ఆకాశం, ఇటుకముక్కలు, ఉమ్మెత్త మొక్కలు. కాసేపు చూస్తాడు. తలుపు వేసి, తాళం వేసి, వచ్చి 'లేదు' అని రాస్తాడు. షెడ్డు అక్కణ్ణుంచి ముప్పై అడుగులు. నా కిటికీలోంచి కూడా కనిపిస్తుంది.

రిజిస్టరులో చోటు మార్చవచ్చు కదా అని గుమాస్తాను అడిగాను. మార్చాలంటే కొత్త చోట ఆ పత్రం దొరికినట్టు నమోదు కావాలన్నాడు. దొరకాలంటే వెతకాలి. వెతకడం నిషేధం. ఇందులో నాకు ఒక్క లోపమూ కనిపించలేదు. అదే భయపెట్టింది.

బెవర తవిటమ్మ మంగళవారం వచ్చింది. పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. పిక్కల నూనెకు వేళ్ల కొసలు నల్లగా కాలి ముడుచుకుపోయి ఉన్నాయి. కాగితం అందుకోవాలంటే కొంగు రెండు చేతులకూ చుట్టుకుని, దాని మీద పెట్టించుకుంటుంది.

"మా గుంటకి నర్సు సదువులో సీటొచ్చినాది బాబూ. శనోరం పొద్దున్న పదికి విశాపట్నంలో పిలుస్తన్నారు. అసలు మార్కుల కాయితం సేతిలో ఉంటేనే సీటంట. నేకపోతే ఎనకున్నోలికి ఇచ్చేత్తారంట. మా కాయితం జూన్ నెల్లో ఈడ ఇచ్చీసినాం, సరిసూడ్డానికని. సూసీసుంటే తిరిగి ఇచ్చీయండి."

పిల్ల పేరు రోహిణి. రసీదు ఉంది. నంబరు 2316. నేను 'తిరిగి ఇవ్వడం' అని కొట్టాను.

అది నలభై ఒకటిలో లేదు. జాబితా రాసిన రోజున ఏ విభాగం ఏం చేస్తుందో అందరినీ అడిగారు. తిరిగి ఇచ్చినట్టు ఎవరికీ గుర్తు రాలేదు. తెర అంది: 'మీ ఉద్దేశం అసలు పత్రాల సమర్పణ కదా?'

"ఏటంటాది బాబూ అది?"

"అసలు పత్రాలు ఇవ్వడానికి వచ్చారా అని అడుగుతోందమ్మా."

"అదేటి, ఇచ్చీసినాను కదా! తీసుకెల్దామనొచ్చినాను."

"అవునో కాదో చెప్పాలి."

ఆమె తెర వంక చూసింది. నా వంక చూసింది. వెనక వరుసలో ఎవరో "బేగి తేల్చమ్మా, మాకూ పనులున్నాయి" అన్నారు.

"మీకు తెల్నిదేటుంటాది. మీరెలాగంటే అలాగే."

కుర్చీలో ఉన్నవాడు నిలబడి ఉన్నవాళ్లను 'కదా' అని అడిగితే, వాళ్లు వినేది ప్రశ్న కాదు. నాకది తెలుసు. పన్నెండేళ్ల వయసునుంచి తెలుసు. 'అవును' నొక్కాను. గోడ మీద అంకె పెరిగింది. ఆమె సంచిలో పిల్ల పదో తరగతి పత్రం ఉంటే, సూరప్పడు అది తీసుకుని రసీదు ఇచ్చాడు.

బుధవారం మళ్లీ వచ్చింది. దారంతా మాట కూడబలుక్కుని వచ్చినట్టుంది, కౌంటరు ముందు నిలబడగానే గట్టిగా అంది: "నాను ఇవ్వడానికి రానేదు."

కొట్టాను. తెర అంది: 'మీ ఉద్దేశం అదనపు అసలు పత్రాల సమర్పణ కదా?'

చదివి వినిపించాను. ఆమె మొహంలో ఏదో తగ్గింది. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. కోపం రావాలంటే తన మాట తను నమ్మాలి. "నాకే సరిగ్గా సెప్పడం రాదు కామోలు" అంది. పిల్ల జనన పత్రం ఇచ్చి వెళ్లింది.

ఆమె వెళ్లాక సూరప్పడు నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బాబూ, ఎవలికీ సెప్పకండి. ఆ యమ్మ ఇచ్చినవి ఏడో గది తలుపు తీసి అవతల పెడితే గాలికెగిరి పోవా? నానే తీసుకెల్లి ఆ సెడ్డులో పెట్టినాను. పాత కవరులోనే. రెండో వరస, పైయర. పెట్టడం నేరం కాదు కదా?"

"పెట్టడం గురించి ఉత్తర్వులో లేదు."

"తియ్యడమే నేరం."

"అవును."

"మరి మీరు సెప్పరాదా పెద్దాయనికి? ఇదంతా మీ మిషినే కదా నేర్పినాది."

ఆ రాత్రి ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదని చెబితే బాగుండేది. నిద్రపోయాను. కాని గురువారం మధ్యాహ్నం నా కాళ్లు రెండో గదికి నడిచాయి.

లోపల చింతకాయ పచ్చడి వాసన. నలుగురు ఆడవాళ్లు తింటున్నారు. మధ్యలో ఉమాకాంతంగారు ఒక ఫైలు ఎత్తి పట్టుకుని, కింద పచ్చడి గిన్నె వెళ్లడానికి దారి ఇస్తున్నారు.

"మూడో సంగతి ఒకటి ఉందండి" అన్నాను. "ఆ రోజు చెప్పలేకపోయాను. మరిచిపొమ్మని ఒక మాట ఉంటుంది. అది కొడితే యంత్రం పాత చోట్లన్నీ వదిలేసి మళ్లీ వెతుక్కుంటుంది."

ఆయన ఫైలు దించి పచ్చడి గిన్నె పక్కన పెట్టారు.

"విస్మరణ" అన్నారు. "గొప్ప భావన. స్మృతికి పరిపూర్ణత విస్మరణతోనే. మూడో ఉత్తర్వుగా జారీ చేద్దాం." అప్పటికప్పుడు రాశారు: స్మృతి రిజిస్టరులోని స్థానములన్నియు రద్దుచేసి, యావత్తు పత్రములను తిరిగి వెతుకుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది.

అంత తేలికగా జరుగుతుందనుకోలేదు.

"సూరప్పా! ఇది స్మృతి విభాగంలో ఇచ్చి రా. వాళ్ల ముద్ర పడితే అమల్లోకి వస్తుంది."

సూరప్పడు రిజిస్టరు తెరిచాడు. స్మృతి విభాగం వేసవిలోనే మేడమీద మూలగదికి మారింది. కాని మొదటిసారి అది దొరికింది ఏడో గదిలో. సూరప్పడు నా వంక ఒకసారి చూసి, తాళంచెవి తీసుకున్నాడు. వరండా చివర తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తలుపు మూసుకున్న చప్పుడు. వచ్చి ఉత్తర్వు వెనక 'లేదు' అని రాసి ఇచ్చాడు.

"విభాగం లేనప్పుడు ముద్ర ఎలా పడుతుంది?" అన్నారు సంచాలకులుగారు, నిజంగానే విచారంగా. "పోనీ, మీ ఉద్దేశం సిబ్బంది సూచనల పెట్టెలో వేయడం కదా?"

"అవునండి" అన్నాను.

శుక్రవారం మూడున్నరకు తవిటమ్మ వచ్చింది. సంచి లేదు. రైలు టిక్కెట్లు రెండు కొంగున ముడి వేసి ఉన్నాయి.

"గుంటని స్టేషన్లో కూకోబెట్టి వచ్చినాను బాబూ. ఐదింటి బండికి ఇటునించి ఇటే విశాపట్నం ఎల్లిపోవాల. ఇంక నా కాడ ఇవ్వడానికేటీ నేదు. కాయితం ఇచ్చీయండి."

కొట్టాను. 'తిరిగి ఇవ్వడం.' తెర ఎప్పటిలాగే, ఎంతో మర్యాదగా, అడిగింది.

ఆమె ఈసారి తెర వంక చూడలేదు. నా వెనక కిటికీలోంచి పెరట్లోకి చూస్తోంది.

"ఆ రేకుల సెడ్డులో కట్టలు కట్టలు కనపడతన్నాయి. అయ్యేటి?"

"కవర్లే అమ్మా" అన్నాడు పక్కనున్న సూరప్పడు. "మీ గుంటదీ అందులోనే ఉంది."

"మరి?"

"అక్కడున్నాది గానీ, అక్కడున్నట్టు నేదు."

ఆమె సూరప్పణ్ణి, నన్ను, మార్చి మార్చి చూసింది. పిచ్చివాళ్ల మధ్య ఉన్నవాళ్లు ముందు తమకే పిచ్చేమోనని సర్దుకుంటారు. ఆమె కూడా సర్దుకుంది. కళ్లు ఒత్తుకుని, చిన్న గొంతుతో అంది:

"నా మాటే మీకు తెలవడం నేదేమో. నాను ఏటంటే కాయితం ఇస్తారో అది మీరే సెప్పండి బాబూ, అదే అంటాను. అవుననాలా? అవుననే రాసీయండి."

వేలు 'అవును' మీద ఉంది. అక్కడే ఉంటుంది అది. ఏడాదిగా దానికి వేరే చోటు తెలియదు. ఆ మీట మీద అక్షరం అరిగిపోయింది కూడా. పక్కనున్న 'కాదు' మీద అక్షరం మొన్న దుకాణంలోంచి తెచ్చినట్టు నల్లగా మెరుస్తోంది. ఆమె కోసం అనుకున్నానా, మామయ్య మొహం గుర్తొచ్చిందా, నాకు తెలియదు. వేలు పక్కకు జరగడం మాత్రం చూశాను, అది మరెవరి వేలో అయినట్టు.

నొక్కాను.

తెర మీద ఒక వాక్యం వచ్చింది: 'తిరిగి ఇవ్వడం: అలాంటి పని ఇక్కడ లేదు.' ఏడాది కాలంలో ఆ తెర చెప్పిన మొదటి నిజం అది.

గోడ మీద ఎర్ర అంకెలు, పద్దెనిమిది వేల నాలుగు వందల ఆరు, ఒక్కసారి వణికి సున్నా అయ్యాయి. వరుసలో ఉన్నవాళ్లంతా బోర్డు వైపు తిరిగారు. ఎవరో "కరెంటు పోనాదా?" అన్నారు. రెండో గదిలోంచి ఉమాకాంతంగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన వెనక ఇద్దరు ఆడవాళ్లు టీ గ్లాసులతో.

నేను కుర్చీలోంచి లేచాను. లేస్తుంటే కుర్చీ గట్టిగా శబ్దం చేసింది.

"రండమ్మా" అన్నాను.

"కూర్మనాథంగారూ!" అన్నారు సంచాలకులుగారు. "ఎక్కడికి? ఏడో గదికే కదా?"

'అవునండి' అన్న మాట గొంతులోకి వచ్చేసింది. దాన్ని అక్కడే ఉంచుకుని, వరండా చివరికి కాక పెరట్లోకి మెట్లు దిగాను. సూరప్పడు వెనకనించి, "బాబూ, రెండో వరస, పైయర" అని మాత్రం అన్నాడు. ఆ మాట పెద్దగానే అన్నాడు. రెండో మెమోకు అతను సిద్ధపడినట్టున్నాడు.

ముప్పై అడుగులు. నేల బురదగా ఉంది. తవిటమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని నా వెనకే వస్తోంది. తలుపు దగ్గరి కట్టల మీద ఎండ పడుతోంది గాని, రెండో వరస దగ్గర్నుంచి లోపలంతా చీకటి. కవర్ల మీద నంబర్లు కనిపించడం లేదు.

గుమ్మంలో నిలబడ్డాను. చెయ్యి ఎడమవైపు గోడ మీదికి పోయింది. తడిమింది. గరుకు సిమెంటు. కొంచెం పైకి. కొంచెం కిందికి. ఏమీ లేదు. మళ్లీ అదే చోట తడిమాను.

"ఆపక్క నేదు కామోలు బాబూ" అంది తవిటమ్మ. అప్పటికే కొంగు రెండు చేతులకూ చుట్టుకుని, కాగితం అందుకోవడానికి చాచి ఉంచింది. "ఈపక్క సూడండి."

ఎడమచెయ్యి దించేశాను. కుడివైపు తిరిగి, గోడ మీద మెల్లగా వెతికాను. వేళ్లకు చల్లటి ప్లాస్టిక్ తగిలింది.

స్విచ్చు వేశాను.